ముట్టిన పావు

నవంబరు 7, శుక్రవారం

రేపూ ఎల్లుండీ చెస్ సెలక్షన్లు. మన మార్కాపురంలోనే, కల్యాణ మండపంలో. పడమటి మండలాలన్నిటికీ కలిపి జిల్లా మహిళల జట్టులోకి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరు వచ్చే నెల రాజమండ్రిలో రాష్ట్ర పోటీలు ఆడతారు. రెండో స్థానంలో వచ్చినవాళ్ళు రిజర్వ్, అంటే ఇంట్లో కూర్చుని ఫోన్లో ఫలితాలు చూసుకోవడం. పెళ్లికి ముందు ఒకసారి, పెళ్లయ్యాక ఒకసారి ఆ రిజర్వ్ భాగ్యం నాకు దక్కింది.

ముప్పై నాలుగు నిండబోతున్నాయి. రాష్ట్ర పోటీల్లో ఒక్కసారి బోర్డు ముందు కూర్చోవాలి. గెలవక్కర్లేదు, కూర్చోవాలి. జయపాల్‌తో అంటే "పో, ఎవరొద్దన్నారు?" అంటాడు. ఆయన దృష్టిలో రాష్ట్ర పోటీలంటే రైలు టికెట్ తీసుకోవడం. మంచివాడే, భార్య కోరికలన్నీ స్టేషన్‌లో దొరుకుతాయనుకుంటాడు.

లిస్టులో ఉమ పేరు చూశాను. గిద్దలూరు అవతల పల్లె పిల్ల. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆదివారాలు మా ఇంటికొచ్చి ఆట నేర్చుకుంది. నేర్పింది నేనే. ఇప్పుడు డిగ్రీ కూడా అయిపోయింది. రేటింగ్ నాకన్నా కాస్త తక్కువ. చాలా కాస్త.

నవంబరు 8, శనివారం

అన్నీ గెలిచాను. ఉమ కూడా గెలిచింది. బాగా ఆడుతోంది, ఏం చేస్తాం.

నవంబరు 9, ఆదివారం

గెలిచాను. సీటు నాది. సంతోషంగా ఉంది. ఇది ముందు రాసుకోవాలి, తర్వాత మిగతావి.

చివరి ఆట ఉమతోనే పడింది. ఇద్దరికీ సమానంగా పాయింట్లు. గెలిచినవాళ్ళు జట్టులోకి, ఓడినవాళ్ళు రిజర్వ్‌లోకి. నావి తెల్లపావులు. బల్లలు మండపంలో భోజనాలకు వేసేవే, అంత ఇరుకు. ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేట్టున్నాయి. చెప్పులు విప్పి బల్ల కిందే పెట్టుకున్నాను. కాళ్ళకు చెప్పులుంటే నాకు ఆట తోచదు.

సగం ఆటకే నా పని అయిపోయింది, ఒప్పుకుంటాను. ఒక బంటు పోయింది, గుర్రాలు మూలన పడ్డాయి, గడియారంలో కూడా నా టైమే తక్కువ. ఏదో ఒకటి చేద్దామని బిషప్‌ను ఎఫ్‌త్రీ గడిలో పెట్టి ఉమ క్వీన్ మీదికి గురిపెట్టాను. క్వీన్‌ను పక్కకు జరుపుకుంటే సరిపోతుంది, దానికి ఏ ఇబ్బందీ లేదు. ఎక్కడికి జరపాలా అని చూస్తోంది. అప్పుడు బల్ల కింద కాలు తగిలింది. ఉమ కాలు నా కాలికి.

కాలు తగిలితే ఎవరైనా చేసేదే చేసింది. నా చేతిని తాకి కళ్ళకద్దుకుందామని బోర్డు మీదుగా చెయ్యి చాచింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దాని వేళ్ళు నా బిషప్ మీద పడ్డాయి. ఆ వేళ్ళనే కళ్ళకద్దుకుంది.

"టచ్" అన్నాను.

పక్క బల్లల వాళ్ళు తలలెత్తేంత గట్టిగా అన్నాను కాబోలు. ఆర్బిటర్ విశ్వాసం గారు వచ్చారు. తన వంతు నడుస్తుండగా ఎదుటివాళ్ళ పావును ముట్టుకుంటే, చంపే దారి ఉన్నప్పుడు దాన్ని చంపి తీరాలి. దారి ఉంది. క్వీన్‌తో మాత్రమే చంపొచ్చు. కానీ నా బిషప్ వెనక బంటు కాపలా ఉంది. బిషప్ పోతే నాకు పోయేది బిషప్పే, ఉమకు క్వీనే పోతుంది.

"ఏం పాపా, ముట్టినావా?" అని అడిగారాయన.

"ముట్టినా సార్."

"పొరపాటున తగిలిందా, నువ్వే చెయ్యి పెట్టినావా?"

ఉమ నా వైపు చూసింది. పొరపాటున అని ఒక్క మాటంటే ఆట మళ్ళీ దానిదే. "చెయ్యి నేనే చాపినా సార్" అంది.

"అట్లయితే చంపాల్సిందే."

చంపింది. ఆ తర్వాత కాసేపు ఆడి, చెయ్యి కలిపి, "బాగా ఆడినారక్కా" అంది. ఎగతాళి కాదు. ఉమకు ఎగతాళి చేయడం రాదు. వచ్చుంటే నాకు బాగుండేది.

దానికి ఎన్నిసార్లు చెప్పాను, బోర్డు ముందు ఈ మొక్కులు మానుకోమని. మా మంచం మీద కూర్చుని ఆడే రోజుల్లో కూడా కాలు తగిలిన ప్రతిసారీ మొక్కేది. ఆ గాలి దుమారంలా వచ్చే చెయ్యికి ఎన్ని పావులు పడిపోయేవో. ఇప్పటికైనా నేర్చుకుంటుంది. ఒక రకంగా ఇదీ పాఠమే.

సంతోషంగా ఉంది.

నవంబరు 10, సోమవారం

ప్రేయర్‌లో హెడ్‌మిస్ట్రెస్ గారు నా పేరు చెప్పి పిల్లలతో చప్పట్లు కొట్టించారు. తొమ్మిదో తరగతి వాళ్ళు ఇంకా కొడుతుంటే నేనే ఆపాను. వాళ్ళకు లెక్కల పీరియడ్ ఎంత ఆలస్యమైతే అంత పండగ.

సాయంత్రం జయపాల్ అడిగాడు, ఎట్లా గెలిచావని. చెప్పాను.

"ఎవురి కాలు?" అన్నాడు.

"దానిదే."

"సరే. మరి నువ్వు చెయ్యెందుకు వెనక్కి తీసుకున్నావు? ఎవురన్నా మొక్కబోతే అట్లే ఉంటాం గదా, పర్వాలేదులే అంటాం. తీసుకుంటామా?"

ఆటలో ఉన్నప్పుడు చేతులు ఎక్కడున్నాయో ఎవరికి గుర్తుంటుంది? ఆడనివాళ్ళకు ఇవన్నీ అర్థం కావు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే తగ్గించగలను కానీ ఇలాంటి వాటికి నేనేం చెప్పను?

నవంబరు 11, మంగళవారం

రూల్ మళ్ళీ చదివాను. స్పష్టంగా పొరపాటున తగిలితే తప్ప, పావును ముట్టుకోవడమంటే ఆడే ఉద్దేశంతోనే ముట్టుకున్నట్టు లెక్క. ఉమ ముట్టుకుంది. పొరపాటున కాదని తనే చెప్పింది. ఆర్బిటర్ తీర్పు ఇచ్చారు. ఇందులో నేను చేసింది ఏముంది? నేను ఒక్క మాట అన్నాను. ఆ మాట అనే హక్కు నాకుంది.

దేవుడికి మొక్కాలని గుడికి పోయినవాళ్ళు గుడి గంటను ముట్టుకుంటే గంట మోగదా? మోగుతుంది. అంతే ఇది కూడా.

ఈ పోలిక సరిగ్గా లేదు. కానీ నేను చెప్పదలచుకున్నది సరైనదే.

నవంబరు 13, గురువారం

ఆ రోజు చెప్పు కోసం కాలితో వెతుకుతున్నాను. అంతే. చెప్పు జరిగిపోతే వెతుక్కోరా?

నవంబరు 14, శుక్రవారం

స్కూలు నుంచి షేర్ ఆటోలో వస్తున్నాను. గుంతలో పడగానే ఎవరి కాలో తగిలింది. చూసేలోపే నా చెయ్యి పక్కావిడ మోకాలిని తాకి నా కళ్ళ దగ్గరికి వచ్చేసింది. ఆవిడ నవ్వి, "నా కాలే తగిలిందమ్మా నీకు" అంది.

అంటే ఎవరి కాలో తెలుసుకుని మొక్కం. ముందు మొక్కుతాం.

మరి ఉమ మొక్కింది కాబట్టి కాలు ఉమదే అని నేను ఎట్లా రాశాను? ఆ రోజు పేజీ తీసి చూశాను. "ఉమ కాలు నా కాలికి" అని రాసి ఉంది. నా రాతే. రాసేటప్పుడు అనుమానం వచ్చిన గుర్తు లేదు. నిన్న చెప్పు వెతికాను అని రాశాను. చెప్పు వెతికింది కాలు తగిలే ముందా, తగిలాకా? తగిలాకే. తగిలాకే అనుకుంటున్నాను.

నవంబరు 16, ఆదివారం

ఉమ మెసేజ్ పెట్టింది. రాజమండ్రిలో ఆడబోయేవాళ్ళ పాత ఆటలు ఎక్కడెక్కడివో పోగుచేసి పంపింది. వాళ్ళలో ఎవరు ఎట్లా మొదలుపెడతారో చూసుకోమంది. చివర "మీరు బాగా ఆడాల అక్కా" అని రాసింది.

కోపం వచ్చింది. దీనికేం పని లేదా? ఓడిపోయిన మనిషి ఓడిపోయినట్టు ఉండాలి, కొన్నాళ్ళు మాట్లాడకుండా. అప్పుడు ఎదుటివాళ్ళకు కూడా కొంచెం వీలుగా ఉంటుంది. ఆ ఫైళ్ళు తెరవలేదు. తర్వాత తెరిచాను. చాలా బాగా పోగుచేసింది.

నవంబరు 18, మంగళవారం

ఈ రోజు ఒక పిచ్చి పని చేశాను. వంటింటి బల్లను గోడ దగ్గరి నుంచి లాగి, అటు ఒక కుర్చీ, ఇటు ఒక కుర్చీ వేసి, జయపాల్‌ను ఎదురుగా కూర్చోబెట్టాను. "ఉమ కూర్చున్నట్టు కూర్చో" అన్నాను.

"ఉమ ఎట్ల కూర్చునిందో నాకేం తెలుసే?"

"మామూలుగా కూర్చో."

కూర్చున్నాడు. నేను ఆ రోజు కూర్చున్నట్టే కూర్చుని, బిషప్‌ను ముందుకు జరిపినట్టు చేసి, ఆలోచిస్తున్నట్టు కాళ్ళు పెట్టాను. తగిలింది. "నీ కాలే వచ్చి నాకు తగలతాంది" అన్నాడు. మళ్ళీ చేశాం. మళ్ళీ అదే. నీ కాళ్ళు పొడుగు కాబట్టి అన్నాను. "నా కాళ్ళు పొడుగైతే నా కాళ్ళు గదా నీకు తగలాల్సింది" అన్నాడు. ఆయన ఆట నేర్చుకోకపోవడమే మంచిదైంది.

తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "ఏంది రజినీ, ఏమైంది నీకు?" అన్నాడు. బల్ల గోడకు జరపమన్నాను.

నవంబరు 20, గురువారం

కావాలని చేయలేదు.

నవంబరు 21, శుక్రవారం

ఉమ మొక్కుతుందని నాకు తెలుసు. దాని చెయ్యి ఎంత వేగంగా వస్తుందో తెలుసు. బోర్డు మీదుగానే వస్తుందని తెలుసు. ఇవన్నీ ముందే తెలిసినవి. తెలిసి ఉండటం తప్పు కాదు. తెలిసినదాన్ని కాలు వాడుకుందా అన్నది ప్రశ్న. కాలికి నేను చెప్పానా? ఓడిపోతున్నాను. గడియారం పోతోంది. కాలు కదిలింది. ఆ మధ్యలో ఏముందో ఎంత వెతికినా నాకు దొరకడం లేదు. వెతికేది కూడా నేనే, దాచింది కూడా నేనేనేమో.

ఆదివారం ఉమ దగ్గరికి పోయి అడుగుతాను. అడగడం కాదు, చెబుతాను. ఏం చెబుతానో పోయేలోపు తేల్చుకోవాలి.

నవంబరు 23, ఆదివారం

కంభం మీదుగా గిద్దలూరు బస్సు, అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. ఆటో దిగేసరికి అన్నీ చెదిరిపోయాయి.

ఉమ వాళ్ళ నాయన ఎర్రయ్య గొర్రెలతో కొండ వారకు పోయాడట. వాళ్ళమ్మ మాలకొండమ్మ దొడ్లో ఉంది. నన్నెప్పుడూ చూడలేదు. పేరు చెప్పగానే చేతులు కడుక్కుని వచ్చి నులక మంచం వాల్చింది. "ఉమ పిల్లలకు తుమ్మకాయలు రాల్చుకురాను పోయింది, వచ్చేస్తాది" అంది. పిల్లలంటే గొర్రెపిల్లలు.

మజ్జిగ ఇచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను కూడా కింద కూర్చోబోతే ఒప్పుకోలేదు.

"ఒక మాట అడగాలమ్మా" అంది. "మొక్కినందుకు ఓడిపోయిందంట గదా మా పాప. అదేం ఆట?"

ఆమె నన్ను నిలదీయడం లేదు. తెలియక అడుగుతోంది. పాఠం చెప్పే మనిషి వచ్చింది కదా, అడిగితే తెలుస్తుందని అడుగుతోంది. "మొక్కినందుకు కాదండీ, పావును ముట్టినందుకు" అన్నాను.

"ముట్టకుండా ఎట్ల మొక్కుతారు?"

మజ్జిగ తాగాను. రూల్ నాకు నోటికి వచ్చు, దాని నంబరు కూడా వచ్చు. ఆమెకు చెప్పడానికి ఒక్క ముక్క పనికిరాలేదు.

ఉమ వచ్చింది. తుమ్మకాయల గోతాం దించి, నన్ను చూసి, "అక్కా, మీరెట్ల వచ్చినారు ఎండన పడి? ఫోన్ చేసుంటే నేనే వచ్చుందును గదా" అంది. ఆ ఫైళ్ళు చూసినారా, రెండో ఫైల్లో ఆమెతో జాగ్రత్త, ఆమె ఆట ఆఖర్లో బాగా ఆడతాది, అని మొదలుపెట్టింది. వాళ్ళమ్మ కాయలు తీసుకుని దొడ్లోకి పోయింది.

చెప్పాలని వచ్చినదాన్ని, అడిగాను. "ఆ రోజు కాలు ఎవరిది ఉమా?"

"మీదే అక్కా."

టైము అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"నీకెట్లా తెలుసు?"

"నా కాళ్ళు కుర్చీ కిందికి మడిచి పెట్టుకోని ఉండాను. నా పిక్కకు మీ మట్టె తగిలింది. సల్లగా."

నా కాళ్ళ వైపు చూసుకున్నాను. ఉమకు ఇంకా పెళ్లి కాలేదు, దాని వేళ్ళకు మట్టెలు లేవు. ఇన్ని రోజులు బల్లలు జరిపి, కుర్చీలు వేసి, పేజీలు తిరగేసిన మనిషికి ఇది తోచనే లేదు.

"కాలు నాదైతే నువ్వెందుకు మొక్కావు?"

"మీ చెయ్యి కదిలింది గదక్కా. కాలు తగిలింది గాబట్టి మీరు నాకు మొక్కబోతాండారు అనుకున్నా. పెద్దోళ్ళు మీరు, ఆట చెప్పినోళ్ళు. మీతో మొక్కించుకుంటానా? అందుకే దబక్కన నేనే మొక్కినా."

నా చెయ్యి కదిలిన మాట నిజమే. వెనక్కి కదిలింది.

"ఈ మాట విశ్వాసం గారితో చెప్పి ఉండొచ్చు కదా?"

"సారు బిషప్ సంగతి అడిగినాడు. కాలు సంగతి ఎవురూ అడగలే." నా మజ్జిగ గ్లాసు తీసుకుంటూ, "చెప్పింటే అందరి ముందర మీకు బాగుండదు" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఉమా, నేను కావాలనే, అని మొదలుపెట్టాను. అప్పుడే మాలకొండమ్మ అన్నానికి లేవమంది. తినకుండా పోతే ఒప్పుకునేట్టు లేదు. రొట్టె, గోంగూర. మూడు రొట్టెలు తిన్నాను. సిగ్గుపడాల్సిన మనిషికి ఆకలి ఎట్లా వేసిందో నాకు తెలియదు.

ఉమ ఆటో దాకా వచ్చింది. ఏమీ చెప్పకుండానే వచ్చేశాను.

నవంబరు 24, సోమవారం

చెస్ సంఘం సెక్రటరీ మహేంద్ర గారికి ఫోన్ చేశాను. నేను రాజమండ్రి పోవడం లేదు, రిజర్వ్‌లో ఉన్న ఉమను పంపండి అన్నాను.

"అదేంది మేడం? ఒంగోలుకు పేర్లు పంపే టైములో! కారణం ఏం రాయమంటారు?"

"చివరి ఆటలో ఓడిపోతున్నానని ఉమ కాలికి కావాలనే నా కాలు తగిలించాను. తను మొక్కుతుందని, మొక్కితే బిషప్ మీద చెయ్యి పడుతుందని నాకు తెలుసు. అది రాయండి."

 ఆయన గొంతు తగ్గించారు.

"మేడం," అన్నారు, "ఇట్లాంటివి కాగితం మీద ఎవురన్నా రాస్తారా? కాలి సంగతి మన రూల్స్‌లో యాడుంది? జొరమని రాస్తాలే. మీరు రెస్ట్ తీసుకోండి."

కావాలనే చేశానా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ ఆ మాట అంటుంటే నోరు తడబడలేదు. ఈ రెండు వారాల్లో నేను అన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించనిది అదొక్కటే.

జయపాల్‌కు చెప్పాను. "టికెట్ క్యాన్సిల్ చేయాలా అయితే" అన్నాడు. తర్వాత లోపలికి పోయి కాఫీ పెట్టుకొచ్చాడు. చక్కెర లేదు, తాగాను.

డిసెంబరు 3, బుధవారం

స్కూలంతా నా జ్వరం సంగతే. హెడ్‌మిస్ట్రెస్ గారు బొప్పాయి ఆకు రసం తాగమన్నారు. ఇంగ్లీషు చెప్పే సంధ్యారాణి నా మొహం పీక్కుపోయిందంది. ఉండబట్టలేక ఆమెతో జరిగింది జరిగినట్టు చెప్పాను, కాలు, మట్టె, బిషప్, అన్నీ. శ్రద్ధగా విని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరంలో ఏవేవో అనిపిస్తుంటాయి మేడం, మనసులో పెట్టుకోకండి" అంది.

డిసెంబరు 6, శనివారం

ఉమ రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. మొదటి ఆట డ్రా, రెండోది గెలిచిందట. హాలు చాలా పెద్దదట, ఏసీ ఎక్కువ పెట్టారట, పక్క బోర్డుల వాళ్ళు అందరూ దీనికన్నా చిన్నపిల్లలట. గొంతులో సంతోషం పట్టడం లేదు. వింటుంటే కడుపు నిండింది, కాస్త కడుపు మండింది కూడా. రెండూ రాసుకుంటున్నాను.

చెప్పేస్తే అయిపోతుంది కదా అనుకున్నాను. ఇంతమందికి చెప్పి, చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు. "ఉమా, ఒక మాట వినమ్మా. ఆ రోజు బల్ల కింద నేను" అన్నాను.

"జొరం తగ్గిందా అక్కా?" అంది.

దానికి అంతా తెలుసు. మట్టె చల్లగా తగిలిన సంగతి నాకు చెప్పింది అదే. నాకు జ్వరం లేదని దానికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"అది కాదు ఉమా, నేను..."

"బాగా రెస్ట్ తీసుకోండక్కా. నా రౌండు మొదలైతాంది, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.

ఈసారి కూడా నన్ను మొక్కనివ్వలేదు.